ఎక్స్ విండో సిస్టమ్: అసలు ఇబ్బంది ఎక్కడుంది?

ఎక్కడో దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి, అక్కడ నడిచే ప్రోగ్రామ్ విండోను మన లాప్‌టాప్ మీద తెరవడం, లినక్స్ లాంటి వ్యవస్థల్లో తెర మీద విండోలు చూపించే ఎక్స్ విండో సిస్టమ్ మనకిచ్చిన గొప్ప సౌకర్యం. లెక్కలన్నీ అక్కడ, బొమ్మ ఇక్కడ. ఒకే భవనంలోని నెట్‌వర్క్ అయితే తేడా తెలియదు. అదే ప్రోగ్రామ్‌ను వేల కిలోమీటర్ల అవతల నుంచి తెరిస్తే మాత్రం మెనూ నొక్కి ఎదురుచూడాల్సిందే. ఇంటర్నెట్ స్పీడ్ పెంచుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. పెంచినా పెద్దగా మారదు.

ఎందుకంటే ఇబ్బంది డేటా ఎంతన్నదానికన్నా, ఎన్నిసార్లు అటూ ఇటూ తిరుగుతుందన్నదానిలో ఎక్కువగా ఉంది. మన తెర దగ్గరుండి విండోలు చూపించే ప్రోగ్రామ్ పేరు ఎక్స్ సర్వర్. దూరంగా నడిచే ప్రోగ్రామ్ దాన్ని ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. ఈ విండో సైజెంత? ఈ పేరుకు నంబరెంత? చాలాసార్లు జవాబు వచ్చేదాకా ఆగిపోతుంది. ఒక్కో ప్రశ్నకు 200 మిల్లీసెకన్లు పడితే, ఒకదాని తర్వాత ఒకటి 100 ప్రశ్నలు అడిగేసరికి 20 సెకన్లు గడిచిపోతాయి. ప్రశ్నలన్నీ ముందే పంపేసి జవాబులు తర్వాత తీసుకునే వీలు, ఎక్స్ సర్వర్‌తో మాట్లాడటానికి ప్రోగ్రాములు వాడే ఎక్స్‌సీబీ లైబ్రరీతో వచ్చింది. కానీ ప్రోగ్రామ్‌ను అలా రాస్తేనే కదా ఉపయోగం!

1984లో ఎమ్‌ఐటీలో ఎక్స్ మొదలైనప్పుడు, 1987లో దాని 11వ వెర్షన్ వచ్చినప్పుడు, గీతలు, పెట్టెలు, అక్షరాలు గీసే పని సర్వర్‌దే. ‘ఇక్కడి నుంచి అక్కడికి గీత గియ్యి’ అని చెప్పడానికి కొన్ని బైట్లు చాలు. ఇప్పటి ప్రోగ్రాములు చాలావరకు బొమ్మనంతా తామే తయారుచేసుకుని పిక్సెళ్లుగా ఇచ్చేస్తున్నాయి. 1920 x 1080 తెర నిండా ఒక్క ఫ్రేమ్ అంటే, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున దాదాపు 83 లక్షల బైట్లు. ఒకే కంప్యూటర్‌లో అయితే ప్రోగ్రామ్, సర్వర్ రెండూ ఒకే మెమరీని పంచుకుని (షేర్డ్ మెమరీ) ఈ బరువు తప్పించుకోవచ్చు. నెట్‌వర్క్ మీద ఆ అడ్డదారి లేదు.

పైగా కనెక్షన్ తెగితే మామూలుగా ప్రోగ్రామ్ కూడా పోతుంది. మూడు గంటల పని సేవ్ చేయకుండా వైఫై మారిన క్షణంలో విండో మాయమైతే కలిగే బాధ, అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది భద్రత. ఎక్స్ నడుస్తున్న లినక్స్‌లో ఒక టెర్మినల్‌లో ఎక్స్‌ఇన్‌పుట్ టెస్ట్ (xinput test) కమాండ్‌ను, ఎక్స్ మీ కీబోర్డ్‌కు ఇచ్చిన నంబర్‌తో నడపండి. పక్క టెర్మినల్‌లో పాస్‌వర్డ్ కొట్టండి. మొదటి దాంట్లో ప్రతి కీ నంబరూ వరుసగా పడుతుంది; సాధారణ కీబోర్డ్ మీద ‘ఎ’ నొక్కితే 38. దీనికి అడ్మిన్ అనుమతి అక్కర్లేదు. ఒకే తెరను పంచుకునే ప్రోగ్రాములు ఒకదాన్నొకటి నమ్మాలన్నది ఆనాటి లెక్క. ఎక్కడెక్కడి నుంచో ప్రోగ్రాములు దించుకునే ఈ రోజుల్లో ఆ లెక్క ప్రమాదకరం.

ఎక్స్‌కు బదులుగా 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేలాండ్ ఈ తలుపు మూసింది. అందులో టైప్ చేసింది ఏ విండోకి చేరాలో దానికే చేరుతుంది. 2016లో ఫెడోరా 25 అనే లినక్స్ వెర్షన్ దాన్నే డిఫాల్ట్ చేసింది. 2025లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10లో లినక్స్‌లో మామూలుగా వాడే ఎక్స్ సర్వర్ అయిన ఎక్స్‌ఆర్గే లేదు; పాత ప్రోగ్రాముల కోసం, ఎక్స్ ప్రోగ్రాములను వేలాండ్ మీద నడిపే ఎక్స్‌వేలాండ్ మాత్రం ఉంచారు.

అయితే వేలాండ్ ప్రోటోకాల్‌లో నెట్‌వర్క్ సంగతే లేదు. ఆ పనికి వేపైప్ లాంటి వేరే సాధనం కావాలి. ఒక్క కమాండ్‌తో దూరపు విండో తెరుచుకునే సుఖం అలవాటైనవాళ్లకు ఇది నష్టమే, కాదనను. అందుకే చిన్న పనులకు నేనింకా ఎస్‌ఎస్‌హెచ్‌తో ఎక్స్ విండోనే తెరుస్తాను. గంటలు పట్టే పనైతే మాత్రం ఎక్స్‌ప్రా అనే సాధనంలో నడుపుతాను. లైన్ తెగినా ప్రోగ్రామ్ అక్కడ నడుస్తూనే ఉంటుంది, తిరిగి కలిస్తే విండో ఆగిన చోటే కనిపిస్తుంది.