చీరలు వద్దన్నారు, కుక్కర్ మర్చిపోవద్దన్నారు

మా అమ్మాయి ఇటలీలోని పాదోవాలో ఎం.ఎస్. చదువుతోంది. ఈ వేసవి సెలవుల్లో నేను, మావారు, మా అబ్బాయి, మా అత్తయ్యగారు కలిసి 12 రోజులు దాని దగ్గరికి వెళ్ళొచ్చాం. వీసా వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి నాకు సలహా ఇవ్వని మనిషి లేరు. అపార్ట్‌మెంట్ గ్రూపులో వాళ్ళు, ఆఫీసులో వాళ్ళు, చివరికి నా జాకెట్లు కుట్టే ఆవిడ కూడా. ఎవరు చెప్పినా రెండు మాటలు తప్పకుండా ఉండేవి. "చీరలు పెట్టుకోకండి, అక్కడ బాగోదు, నాలుగు జీన్స్, టాప్స్ కొనుక్కోండి." "రైస్ కుక్కర్ మర్చిపోకండి, అక్కడ మనం తినేదేమీ దొరకదు."

వెళ్ళొచ్చిన మనిషిగా చెప్తున్నాను, రెండూ తప్పే. పైగా ఆ రెండు మాటలూ ఆడవాళ్ళకే చెప్తారు. మావారిని అక్కడ ఏం వేసుకుంటారని ఒక్కరూ అడగలేదు. ఏం వండిపెడతారని అసలే అడగలేదు.

ముందు కుక్కర్ సంగతి. నేనూ తీసుకెళ్ళాను. మూడు కిలోల సోనామసూరి, కందిపప్పు, పోపు డబ్బా, చింతపండు, అమ్మాయికి కొత్తావకాయ, ప్లగ్ పట్టదని అడాప్టర్. నెయ్యి, పాలకోవా మాత్రం ఇంట్లోనే వదిలేశాను. పాలతో చేసినవీ, మాంసంతో చేసినవీ యూరప్‌లోకి బయటి దేశాల నుంచి తీసుకురానివ్వరు. కరివేపాకు రెబ్బలు కూడా అంతే. వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

పాదోవాలో ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం. మొదటి రోజు సాయంత్రం కుక్కర్‌లో బియ్యం పెట్టాను, ఇండక్షన్ మీద పప్పు, గదిలో ఏసీ. అమ్మాయి వాషింగ్ మెషీన్ కూడా వేసింది. టప్‌మని ఇల్లంతా చీకటి. అక్కడ మామూలు ఇళ్ళకి 3 కిలోవాట్ల కరెంటు కనెక్షనే ఉంటుందట, అంతకు మించి వాడితే మీటర్ దగ్గరే ఆగిపోతుంది. మీటర్లేమో కింద అంతస్తులో ఉన్నాయి. మా అబ్బాయి ఫోన్ లైట్ వేసుకుని కిందికి పరుగెత్తాడు. మర్నాడు మళ్ళీ అదే కథ. మూడో రోజు పొద్దున అందరూ తయారై ప్రాతో దెల్లా వాల్లె చూడ్డానికి వెళ్ళారు. "నువ్వు వంట చేసేసి రా, నీకోసం అక్కడే ఉంటాం" అన్నారు. అది ఊరి మధ్యలో ఉండే పెద్ద మైదానం, చుట్టూ నీళ్ళ కాలువ, కాలువకి రెండు వైపులా రాతి విగ్రహాలు. నేను మాత్రం బెండకాయలు తరుగుతూ నిలబడ్డాను. కిటికీలోంచి చర్చి గంటలు వినిపిస్తున్నాయి. అప్పుడు తట్టింది నాకు, నేను గుంటూరు వంటింట్లోంచి పాదోవా వంటింట్లోకి వచ్చాను, అంతే. మధ్యలో విమానం ఎక్కి దిగాను.

అందరూ తిరిగొచ్చాక భోజనం పెట్టి, కుక్కర్ తోమి, తుడిచి, అమ్మాయి చేతికిచ్చాను. "ఇది నీ హాస్టల్‌కి తీసుకెళ్ళు. ఇక్కడున్నన్నాళ్ళూ నేను వండను" అన్నాను. మావారు ఏమీ అనలేదు. అత్తయ్య మాత్రం, "నేనైతే మా రోజుల్లో ఈ మాట అనలేకపోయానమ్మాయ్" అన్నారు. ఆ మాట విన్నాక నా నిర్ణయం మార్చుకునే ప్రశ్నే లేదు.

ఇక తిండి దొరకదన్న మాట. మేం పూర్తి శాకాహారులం, మావారు గుడ్డు తింటారు. ఆ రోజు రాత్రి అమ్మాయి ఒక చిన్న హోటల్‌కి తీసుకెళ్ళింది. అక్కడ రాత్రి భోజనం ఏడు, ఏడున్నర దాటితేగానీ మొదలవదు. మధ్యాహ్నం రెండున్నర తర్వాత వంటగది మూసేస్తారు. ఈ వేళలు తెలియకపోవడం వల్లే మనవాళ్ళు ఆకలితో తిరిగి "ఏమీ దొరకలేదు" అని చెప్తారు. బిల్లులో మనిషికింత అని కోపెర్తో వేస్తారు, అది బ్రెడ్డుకీ బల్లకీ. నీళ్ళ సీసాకి వేరే డబ్బులు. మోసం చేశారని గొడవపడకండి, అక్కడి పద్ధతే అది.

మా అబ్బాయి పెన్నె అరాబియాత అనే పాస్తా తిన్నాడు. టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి చేస్తారు. అరాబియాత అంటే కోపంతో ఉన్నది అని అర్థమట, ఆ కారానికి. నేను స్పగెత్తి ఆల్యో ఓల్యో చెప్పాను. వంటగది పక్కనే మా బల్ల. కుక్ మూకుడులో ఆలివ్ నూనె పోసి, సన్నగా తరిగిన వెల్లుల్లి వేసి, అది బంగారు రంగు తిరిగేదాకా సన్నసెగ మీద పెట్టి, ఎండుమిర్చి తుంచి వేశాడు. ఆ వాసనకి అత్తయ్య తలెత్తి, "పోపు వేస్తున్నాడే!" అన్నారు. ఆవాలూ కరివేపాకూ లేవు గానీ అది పోపే. ఉడికిన పాస్తాని, అది ఉడికిన నీళ్ళు కొంచెం పోసి, ఆ నూనెలో ఎగరేసి తిప్పాడు. ఐదారు నిమిషాల వంట. నాకు నలభై ఏడేళ్ళు వచ్చేదాకా ఇంకొకరు నాకోసం పోపు వేస్తుంటే కూర్చుని చూసింది ఎన్నిసార్లు? వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

చీజ్ దగ్గర ఒక విషయం గట్టిగా చెప్పాలి. పార్మిజానో రెజ్జానో అనే గట్టి చీజ్ ఉందే, అందరూ పాస్తా మీద తురుముకునేది, దానికి పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడాలని వాళ్ళ నియమాల్లోనే ఉంది. రోమ్ వైపు వాడే పెకొరీనో రొమానోకి గొర్రెపిల్లది. ఈ సంగతి అమ్మాయి నాకు ముందే చెప్పింది. "అమ్మకి చెప్పకు, బాధపడుతుంది, తిననివ్వు" అన్నారు మావారు. నేను ఒప్పుకోలేదు. డెబ్బై ఏళ్ళు ఒక నియమం పట్టుకుని బతికిన మనిషికి తెలియకుండా పెట్టడం ఎంత తప్పు! ఆవిడ తింటారా మానేస్తారా అనేది ఆవిడ ఇష్టం, కానీ తెలిసి చేయాలి. చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే నాకు చీజ్ లేనిదే చెప్పు" అన్నారు. అంతే, ఏ గొడవా లేదు. పిజ్జాల్లో మరినారా అని ఒకటుంది, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె మాత్రమే వేస్తారు, చీజ్ ఉండదు. నేపుల్స్ పిజ్జాల్లో పాత రకం, మెనూలో అన్నిటికన్నా చవక. అత్తయ్య ఆ 12 రోజుల్లో ఐదుసార్లు తిన్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఆ పేరు రాసిపెట్టుకోండి. గుమ్మడిపువ్వుల బజ్జీ చూసి మాత్రం తొందరపడకండి. రోమ్‌లో దాని లోపల మోజరెల్లా చీజ్‌తో పాటు చిన్న చేపముక్క పెడతారు. మిలాన్‌లో రిసోత్తో అని కుంకుమపువ్వు వేసి వండే అన్నం కూడా మామూలుగా మాంసం ఉడికించిన నీళ్ళతోనే చేస్తారు. అడిగితే దాచకుండా చెప్తారు, అడగాలి.

ఇప్పుడు చీరలు. నేను అందరి మాటా విని రెండు జీన్స్ కొన్నాను కూడా. కానీ పెట్టె సర్దే రాత్రి తీసి పక్కన పెట్టేశాను. ముప్ఫై ఏళ్ళుగా నా ఒంటికి అలవాటైన బట్ట వదిలేసి, నాకు తెలియని బట్టలో ఇబ్బందిపడుతూ ఫొటోలు దిగడం దేనికి? మంగళగిరి కాటన్ చీరలు ఐదు, వెంకటగిరివి రెండు పెట్టాను. ఒక్కోటి అరకిలో బరువు కూడా ఉండదు. ఉతికి బాల్కనీలో ఆరేస్తే రెండు గంటల్లో ఆరిపోయేవి. జూన్ మొదటి వారంలోనే ఎండ 30 డిగ్రీలు దాటింది, జీన్స్ వేసుకున్నవాళ్ళు చెమటకి అల్లాడిపోతుంటే నాకు హాయిగా ఉంది. అక్కడ వీధులన్నీ ఎగుడుదిగుడు రాళ్ళు, కాబట్టి చీర రెండంగుళాలు ఎత్తి కట్టుకుని, మడమల్లేని మెత్తటి బూట్లు వేసుకున్నాను. రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి దగ్గర భుజాలు, మోకాళ్ళు కనపడితే లోపలికి రానివ్వరు. స్లీవ్‌లెస్‌లు, షార్ట్స్ వేసుకున్నవాళ్ళు ఎండలో నిలబడి స్కార్ఫులు కొనుక్కుంటున్నారు. నేను పమిట చుట్టూ తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయాను.

అక్కడ బాగోదన్నారు కదా. పాదోవాలో పలాజ్జో దెల్లా రజోనె అని మధ్యయుగాల నాటి పెద్ద భవనం, దానికి రెండు పక్కలా పొద్దున్నే కూరగాయల బజారు. అత్తయ్య మన రైతుబజారులో లాగే వంకాయ తీసి బొటనవేలితో నొక్కి చూశారు. కొట్టతను గబగబా ఏదో అన్నాడు. అక్కడ మనం ముట్టుకోకూడదు, అడిగితే వాళ్ళే ఏరి ఇస్తారు. అత్తయ్య మొహం చిన్నబోయింది. మా వెనక ఒక పెద్దావిడ ఉంది, ఎనభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ మడత చెదరని తెల్ల లినెన్ చొక్కా, మెడలో ముత్యాలు, పెదాలకి లిప్‌స్టిక్, చేతిలో చక్రాల సంచి. ఆవిడ వచ్చింది కూరగాయలకి! అత్తయ్య మొహం చూసి నవ్వి, కొట్టతనితో ఏదో చెప్పి మంచి వంకాయలు ఏరించింది. తర్వాత, ముట్టుకోవచ్చా అన్నట్టు సైగ చేసి, అత్తయ్య చీర జరీ అంచుని రెండు వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా రుద్ది చూసింది. బట్ట తెలిసిన మనిషి చూసే తీరది. మా అమ్మమ్మ చీర కొనేటప్పుడు అచ్చం అలాగే చూసేది. అత్తయ్య కొంగు విప్పి చూపించి "మంగళగిరి" అన్నారు. ఆవిడ "మంగలగిరి, మంగలగిరి" అని రెండుసార్లు పలికి, తన చొక్కా చెయ్యి చూపించి "లీనో" అంది. ఇద్దరూ అలా భాష లేకుండా పది నిమిషాలు మాట్లాడుకున్నారు.

ఆవిడని చూశాక నాకు మన దగ్గర యాభై దాటిన ఆడవాళ్ళు వినే మాట గుర్తొచ్చింది. "ఈ వయసులో ఎందుకివన్నీ?" లేత రంగులు కట్టుకో, గాజులు తగ్గించు, లిప్‌స్టిక్ ఏంటి అసహ్యంగా. ఇటలీ ఫ్యాషన్ అంటే మిలాన్‌లో అద్దాల షాపులే అనుకుని వెళ్ళాను. నాకు కనపడ్డ ఫ్యాషన్ మాత్రం సాయంత్రం ఆరు దాటాక చక్కగా తయారై వీధిలో షికారుకొచ్చే ఆ ముసలివాళ్ళది. దానికి వాళ్ళకో పేరుంది, పస్సెజ్జాత అని. నడవడానికే, నలుగురిని పలకరించడానికే తయారవుతారు. ఎవరూ వయసు అడగరు.

మిలాన్ గురించి ఎక్కువ చెప్పను. 1867లో తెరిచిన గలేరియా అనే గాజు కప్పు షాపుల వీధి అందంగా ఉంది. అక్కడ ప్రాదా అనే పెద్ద ఫ్యాషన్ కంపెనీ పాత షాపు ముందు నిలబడితే నాకు కొల్హాపురి చెప్పులే గుర్తొచ్చాయి. 2025 జూన్‌లో వాళ్ళు అచ్చం అలాంటి చెప్పులు ఫ్యాషన్ షోలో చూపించి, మొదట భారతదేశం పేరెత్తలేదు. గొడవయ్యాక ఒప్పుకున్నారు. వాళ్ళు చేసింది తప్పే. మరి చేనేత చీర కట్టుకుని ఇటలీ వెళ్తే బాగోదన్న మనవాళ్ళని ఏమనాలి? ఇంకోమాట, రోడ్డు మీద దుప్పటి పరిచి అమ్మే నకిలీ బ్రాండ్ బ్యాగులు ఎవరో తెమ్మన్నారని కొనకండి. అక్కడ కొన్నవాళ్ళకి కూడా 7,000 యూరోల దాకా జరిమానా వేయొచ్చు.

నన్ను కట్టిపడేసింది వెనిస్‌లో ఫోర్తూనీ మ్యూజియం. మరియానో ఫోర్తూనీ స్పెయిన్‌లో పుట్టి వెనిస్‌లో స్థిరపడ్డ ఫ్యాషన్ డిజైనర్. ఆయన పేరుతో దెల్ఫోస్ అనే పట్టు గౌను ఉంది, 1909లో పేటెంట్ తీసుకున్నారు. భుజం నుంచి నేల దాకా వందల కొద్దీ సన్నటి కుచ్చిళ్ళు, అంచుల వెంట మురానో దీవి గాజు పూసలు. పూసలు అందానికే అనుకున్నాను. ఆ తేలిక పట్టు ఎగరకుండా కిందికి లాగి పట్టుకునే బరువు కూడా అవేనట, మనం చీరకి ఫాల్ కుట్టించుకున్నట్టు. మడతపెడితే పాడవుతుందని దారపు చిలపలా మెలిపెట్టి గుండ్రటి పెట్టెలో దాచేవాళ్ళు. అసలు ఆ గౌనుని తయారుచేసింది ఆయన భార్య హెన్రియెట్. పేటెంట్ ఆయన పేరు మీద ఉంది, కానీ ఇది ఆవిడదేనని ఆయనే రాసిపెట్టారు. రాసిపెట్టబట్టి తెలిసింది. అత్తయ్య అద్దం దగ్గరికి వంగి ఆ కుచ్చిళ్ళు చాలాసేపు చూసి, తన కుచ్చిళ్ళు సర్దుకున్నారు.

తిరుగు ప్రయాణం ముందు రాత్రి పెట్టె సర్దుతుంటే అమ్మాయి వచ్చి మంచం మీద కూర్చుంది. అక్కడ డిగ్రీ అందుకునే రోజున తల మీద లారెల్ ఆకుల దండ పెడతారు. "అమ్మా, ఆ నీలం మంగళగిరి నాకు వదిలేసి వెళ్ళు, ఆ రోజు కట్టుకుంటా" అంది. జాకెట్ నీకు వదులవుతుందే అన్నాను. "కుట్లు వేసి వెళ్ళు" అంది. అర్ధరాత్రి దాకా మేలుకుని, రెండు పక్కలా కుట్లు వేసి, చీరలో పెట్టి మడిచి, కుక్కర్ పక్కన పెట్టొచ్చాను.