రోగం పేరు చెప్పి ఎకరం ఇరవై గుంటలు

ముందే చెప్పేస్తున్నా. హెచ్‌ఐవీ ఉన్న కోడలిని ఇంట్లోంచి వెళ్లగొట్టే అత్తమామలకు అవగాహన లేదనే మాటను నేను నమ్మను. వాళ్లకు అన్నీ తెలుసు. ముట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, దోమ కుడితే రాదు. ఈ మూడు ముక్కలూ మన ఊళ్లలో బస్టాండు గోడల మీద, బడి గోడల మీద రాసి ఇరవై ఏళ్లు దాటింది. ఉమ్మడి రాష్ట్రంలో పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అనే అవగాహన ప్రచారం ఊరూవాడా మోగిన రోజులు గుర్తున్న తరమే ఇప్పుడు అత్తలూ మామలూ అయ్యింది. అయినా ఏటా డిసెంబర్ 1న మళ్లీ అదే ర్యాలీ తీసి, అదే ఎర్ర రిబ్బన్ గుండుసూదితో గుచ్చుకుని, అవే మూడు ముక్కలు చెప్పి ఇంటికి పోతున్నాం.

పరకాల వైపు ఒక ఊళ్లో ఒకామె ఉంది. ఊరి పేరు రాయను. ఆమె భర్త మహారాష్ట్రలోని భివండిలో సాంచెల (మరమగ్గాల) మీద పనిచేసేవాడు. ఆమె గర్భంతో ఉన్నప్పుడు రక్త పరీక్షలో హెచ్‌ఐవీ ఉందని తేలింది. తర్వాత భర్తకు చేస్తే అతనికీ ఉంది. ఆమె మందులు వాడింది, పుట్టిన బాబుకు రాలేదు. ఆరేళ్లపాటు ఆ ఇంట్లో అందరూ ఒక్క పొయ్యి మీది వంటే తిన్నారు. ఆమె ఏరిన పత్తి ముట్టుకున్నారు, తెచ్చిన కూలి డబ్బులు ముట్టుకున్నారు, ఆమె పేరున వచ్చే 2,016 రూపాయల పింఛన్ కూడా నెలనెలా ముట్టుకున్నారు. కంచం ఎప్పుడు వేరైందో తెలుసా? భర్త గోళీలు సరిగా వేసుకోక, టీబీ ముదిరి చనిపోయాక. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, పదకొండో రోజు అయిపోయి, మరిది తహసీల్ ఆఫీసులో విరాసత్ (వారసుల పేరిట పట్టా మార్పు) సంగతి అడిగి వచ్చిన వారంలో.

భర్త పేరు మీద ఎకరం ఇరవై గుంటలు ఉంది (ఎకరానికి నలభై గుంటలు). హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం చనిపోయినవాడి తల్లి, భార్య, పిల్లలు సమాన వారసులు. అంటే అత్తకు ఇరవై గుంటలు, ఈమెకు ఇరవై, బాబుకు ఇరవై. లెక్క కోడలి చేతిలో పెడితే తక్కువలో తక్కువ ఎకరం ఆ ఇంటి నుంచి బయటికి పోతుంది. ఆ ఎకరం పోకూడదంటే ఆమె పోవాలి. ఆమె పోవాలంటే రోగం కావాలి. ఆరేళ్లుగా ఇంట్లోనే ఉన్న రోగం ఆ వారం పనికొచ్చింది.

రైతు చనిపోతే వచ్చే రైతుబీమా ఐదు లక్షలు ముందే అత్తకు వెళ్లాయి. నామినీగా భర్త తన తల్లి పేరు రాయించాడు. పెళ్లయ్యాక దాన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు, తోచినా ఎవరూ మార్చరు.

వైద్యం సంగతి ఇక్కడ పొడిగించను, చదివేవారికి తెలిసిందే. 2004 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌ఐవీని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులు ఉచితం. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క గోళీ సరిపోతుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఏఆర్‌టీ సెంటర్ ఉంది. మందు మానకుండా వాడి, పరీక్షలో వైరస్ కనిపించనంతగా తగ్గినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా కూడా ఇతరులకు సోకదు. గర్భిణి సమయానికి మందులు మొదలుపెడితే బిడ్డకు వచ్చే ప్రమాదం 5 శాతం లోపుకు పడిపోతుంది. వైద్యం చేయాల్సింది చాలావరకు చేసింది. దేశంలో హెచ్‌ఐవీతో ఉన్న సుమారు 25 లక్షల మందిలో ప్రతి పదిమందికి నలుగురికి పైగా ఆడవాళ్లే. వీళ్లలో ఎంతోమందిని ఇప్పుడు చంపుతున్నది వైరస్ కాదు.

అసలు తప్పంతా ఆడదాని మీద పడటానికి పరీక్ష జరిగే వరుస కూడా ఒక కారణం. గర్భిణులందరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేస్తాం. మంచిదే, చేయాల్సిందే. కానీ ఆ రోజు భర్త భివండిలోనో, సూరత్‌లోనో, లారీ మీదనో ఉంటాడు. జగిత్యాల, సిరిసిల్ల వైపు అయితే దుబాయిలో. ఇంట్లో మొదట బయటపడేది ఆమె రిపోర్టు. మొదట ఎవరికి తెలిసిందో వాళ్లే తెచ్చారన్నది ఊరి తీర్పు. మొగుడు పరీక్షకు వచ్చేసరికి ఆర్నెల్లు పడుతుంది, ఈలోగా తీర్పు అమలైపోతుంది. అతను పోయాక ఇంకో మాట కలుస్తుంది, మొగుణ్ని మింగిందని.

ఇంత గట్టిగా భూమి, భూమి అంటే ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సెలర్‌గా పనిచేసే మిత్రురాలు ఒప్పుకోలేదు. "భయం నిజంగానే ఉంది, నువ్వు రోజూ చూడటం లేదు" అంది. నిజమే. భూమి లేని ఇళ్లలోనూ వెలివేతలు ఉన్నాయి. రిపోర్టు చూడగానే కాన్పు చేయకుండా వేరే చోటికి రాసే ఆసుపత్రులూ ఉన్నాయి. అది చదువుకున్నవాళ్ల భయం, దానికి మందు వేరే. కానీ భూమి లేని ఇంట్లో కూడా ఏదో ఒకటి ఉంటుంది చూడండి. ఒక గది, రెండు తులాల బంగారం, ఇందిరమ్మ ఇల్లు, చిట్టీ డబ్బులు. భయం ఒక్కటే అయితే కంచంతో పాటు కూలి డబ్బులకు కూడా భయపడాలి కదా?

మనం ఇంకాస్త వెనక్కి వెళ్తే, ఇది హెచ్‌ఐవీతో మొదలైన కథ కాదు. మన జిల్లాల్లో బాణామతి చేస్తుందని కొట్టించుకున్న ఆడవాళ్లను గుర్తుచేసుకోండి. వాళ్లలో ఎక్కువమంది ఒంటరివాళ్లు, ముండమోసినవాళ్లు. అలాంటి గొడవను కాస్త తవ్వితే చాలాసార్లు గెట్టు (పొలం హద్దు) పంచాయితీ బయటపడుతుంది. నెపం మారింది, అంతే. అప్పుడు చేతబడి, ఇప్పుడు రిపోర్టు. ఆడపిల్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇచ్చిన చట్టం మన ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ నుంచే అమల్లో ఉంది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. ఇరవై ఏళ్లు ముందున్నామని గొప్పలు చెప్పుకుంటాం. మరి మీకు తెలిసిన ఇళ్లలో ఎంతమంది ఆడబిడ్డల పేర్లు పట్టాదారు పాసుపుస్తకంలో ఉన్నాయి? కట్నం ఇచ్చినం కదా అని ఒక మాట, రాఖీ పండక్కి ఒక చీర. దాంతో లెక్క తీరిపోతుంది. మెట్టినింట్లో హక్కు అడిగితే పుట్టింటికి పొమ్మంటారు. పుట్టింట్లో అడిగితే అన్నదమ్ముల మొహం మాడుతుంది. ఆమెకు గుంట భూమి లేనప్పుడు మీరు ఎన్ని కరపత్రాలు పంచినా ఎవరికి పంచినట్టు?

అందుకే హెచ్‌ఐవీ శాఖ వాళ్ల కంటే రెవెన్యూ వాళ్లతో నాకు పని ఎక్కువ అనిపిస్తుంది. చట్టం చేతిలో ఉంది. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలవుతోంది. కుటుంబం ఉంటున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉందని అందులో రాసి ఉంది. కేసు వేస్తే అసలు పేరు బయటపెట్టకుండా విచారణ కోరవచ్చని ఉంది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1987 ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలు దొరుకుతాడు. ఆ వకీలును వారానికి ఒక పూట ఏఆర్‌టీ సెంటర్‌లోనే ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? భర్త చనిపోయాడని సెంటర్ రిజిస్టర్‌లో రాసిన రోజే, విరాసత్ ఎవరి పేరున అవుతోందో ఆమెను ఎవరైనా అడిగితే ఏం పోతుంది? ఫ్లెక్సీల ఖర్చు కంటే ఎక్కువ కాదు.

మొన్న ఆ పరకాల వైపు ఆమెను హన్మకొండ బస్టాండులో కలిశాను. మందులు తీసుకుని వెళ్తోంది. డబ్బాలో గోళీలు గలగలమంటే పక్క సీటువాళ్లు ఏం మందని అడుగుతారట. అందుకని మూత తీసి లోపల దూది కుక్కుతోంది. కోర్టులో అసలు పేరు లేకుండానే కేసు నడుస్తుందని చెప్పాను, సంతోషిస్తుందనుకుని.

"కోర్టుల లేకున్నా నడుస్తది మేడం, పాసుబుక్కుల ఉండాలె గదా" అంది.

ముందు కలెక్టరేట్‌లో సోమవారాల్లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లి దరఖాస్తు ఇద్దామన్నాను. వచ్చే సోమవారం పత్తి ఏరే కూలికి మాట ఇచ్చిందట. ఆ పై సోమవారం అనుకున్నాం. భర్త మరణ ధ్రువపత్రం జిరాక్స్ తెమ్మన్నాను. అసలుది మరిది దగ్గర ఉందంది.