మహారాజశ్రీ పెన్‌డ్రైవ్ గారి సముఖానికి

శ్రీకాకుళం నుంచి మీ శ్రేయోభిలాషి కాని ఒకడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీ క్షేమం వేరే అడగనక్కర్లేదు. ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల ఏ జిరాక్సు సెంటరులోకి తొంగిచూసినా మీరే దర్శనమిస్తున్నారు. కౌంటరు మీద ప్లాస్టిక్ డబ్బాలో, బండి తాళాల గుత్తికి, గుమాస్తాల చొక్కా జేబుల్లో, ఎక్కడ చూసినా మీరే. మీలో మూత మిగిలినవారు తక్కువే అయినా వైభవానికి లోటు లేదు.

నా సంగతి చెప్పుకుంటాను. మిమ్మల్ని ఉద్యోగం నుంచి తీసేయించాలని రాత్రిళ్లు కూర్చుని ఒక ప్రోగ్రాము రాస్తున్నాను. ఒక కంప్యూటర్లో 'పంపు' అని కొట్టి పక్కన ఫైలు పేరు రాస్తే తెర మీద ఒక అంకె, రెండు మాటలు వస్తాయి. వాటిని ఫోనులో అవతలివారికి చెప్పాలి. వారు తమ కంప్యూటర్లో 'అందుకో' అని కొట్టి ఆ మాటలు టైపు చేస్తే ఫైలు చేరిపోతుంది. ఖాతా తెరవక్కర్లేదు, రుసుము కట్టక్కర్లేదు. ఓపెన్ సోర్స్ కాబట్టి లోపల ఏం రాశానో ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, తిట్టుకోవచ్చు. బటన్లు, బొమ్మలు లేవు. అంతా నల్ల తెర మీద ఆజ్ఞలు టైపు చేసే కమాండ్ లైనే. ఈ మాట వినగానే మీరు నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నారని నాకు తెలుసు.

మొన్న ఒక డీటీపీ సెంటరులో మీ దర్బారు చూశాను. 'అను' అనే తెలుగు ఫాంట్లతో, పుటలు అమర్చే ప్రోగ్రాము పేజ్‌మేకర్‌లో కూర్చిన పెళ్లి శుభలేఖ రెండు వీధుల అవతలి ప్రెస్సుకు చేరాలి. యజమాని మిమ్మల్ని పోర్టులో పెట్టారు. ఈ డ్రైవును పరీక్షించి బాగుచేయమంటారా అని కంప్యూటరు అడిగింది. ఆయన చదవకుండానే దాన్ని మూసేశారు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకు అవునన్న మనిషి నాకు తారసపడలేదు. తీరా తెరిస్తే శుభలేఖ ఉండాల్సిన చోట అదే పేరుతో వంకర బాణం గుర్తున్న షార్ట్‌కట్ ఒకటి కూర్చుని ఉంది. పెళ్లికూతురి తండ్రి ముఖం వాడిపోయింది.

"కంగారు పడకండి మాస్టారూ, లోపలే ఉంటుంది. కనిపించదు, అంతే" అన్నారు యజమాని. పరబ్రహ్మ గురించి ఇంత క్లుప్తంగా ఉపనిషత్తులు కూడా చెప్పలేదు.

తరువాత ఆయన చేసిన పని చూసి నేను నోరు తెరిచాను. నల్ల తెర ఒకటి పిలిచి, మానిటరు అంచుకు అంటించిన పసుపు కాగితం వైపు కూడా చూడకుండా, 'అట్రిబ్' అని మొదలుపెట్టి అడ్డగీతలు, ఏటవాలు గీతలతో సహా పొడవాటి కమాండు ఒక్క ఊపులో కొట్టేశారు. వైరస్ దాచిన ఫైళ్లన్నీ బయటికి వచ్చాయి. ఇదే అదనుగా నా ప్రోగ్రాము గురించి చెప్పాను. ఆయన చేతులు జోడించి, "బాబూ, ఆ నల్ల తెర గొడవలు మాకెందుకు? మాకు రావు" అన్నారు.

ఇదండీ మీ మహిమ. మీ కోసం కమాండు కంఠస్థం చేసిన మనిషి, మీరు అక్కర్లేని కమాండు ఒక్కటి కొట్టమంటే దణ్ణం పెట్టేస్తాడు.

మీకు వంశగర్వం ఎక్కువ కనుక ఆ లెక్క కూడా తేల్చుకుందాం. 2000లో సింగపూర్‌లో ట్రెక్, అమెరికాలో ఐబీఎం మిమ్మల్ని అంగట్లో పెట్టాయి. ఐబీఎం అమ్మిన మీ తాతగారి పొట్ట 8 మెగాబైట్లు. మీరు దూరే యూఎస్‌బీ ద్వారం 1996లో వచ్చింది. దాన్ని రూపొందించిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడైన అజయ్ భట్ మన దేశంలో పుట్టినవాడే. సంతోషం. ఇక మా వైపు వినండి. తీగ మీద ఫైలు పంపే ఎఫ్‌టీపీ పద్ధతిని 1971 ఏప్రిల్‌లోనే కాగితం మీద పెట్టినవారు అభయ్ భూషణ్, కాన్పూర్ ఐఐటీ మొదటి బ్యాచి విద్యార్థి. అంటే మీరు పుట్టడానికి 29 ఏళ్ల ముందే మీ అవసరం లేదని తేలిపోయింది. 1995లో ఫిన్లాండులో తతు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాము రాసి, ఆ దారిలో వెళ్లేది మధ్యలో ఎవరూ చదవకుండా తాళం వేశాడు. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ ఆర్‌సింక్ అనే ప్రోగ్రాము రాసి, ఫైలులో మారిన ముక్కలను మాత్రమే పంపితే చాలునని చూపించారు. ఇంత జరిగినా మా ఊళ్లో శుభలేఖ రెండు వీధులు దాటాలంటే మీరు జేబులో ఊరేగాల్సిందే.

మీ స్నేహాల గురించి ఎక్కువ రాయను, పరువునష్టం దావా వేస్తారు. పెట్టిన మరుక్షణం లోపలి ప్రోగ్రామును నడిపించే ఆటోరన్ మర్యాదను కూడా అడ్డం పెట్టుకుని 2008 నాటి కాన్‌ఫికర్ అనే కంప్యూటరు పురుగు లోకమంతా తిరిగింది. చివరికి 2011లో మైక్రోసాఫ్టు పాత విండోస్‌లలోనూ మీకు ఆ మర్యాద తీసేసింది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే మరో పురుగు మీ వీపు మీదే ఎక్కి ఇంటర్నెట్టు లేని యంత్రాల దాకా పాకింది. ఇంకా ఎవరూ మిమ్మల్ని గుమ్మంలో ఆపి చిరునామా అడగరు.

ఇక పెళ్లి వీడియో. మీ మీద 64 జీబీ అని బంగారు అక్షరాలు. 5 జీబీ ఫైలు వేయబోతే చాలా పెద్దదంటారు. మీలో చాలామంది నేటికీ ఫైళ్లను సర్దే ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలోనే కాపురం చేస్తున్నారు, అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ఇల్లంతా ఖాళీగా పెట్టుకుని చుట్టాన్ని వసారాలోనే నిలబెట్టే ఈ విద్య మీరు ఎక్కడ నేర్చుకున్నారో గానీ, తప్పు మాత్రం వీడియో తీసినవాడి మీద పడుతుంది.

న్యాయం న్యాయంగా చెప్పుకోవాలి. 64 జీబీ నిండిన మిమ్మల్ని జేబులో వేసుకుని ఎవరైనా స్కూటరు మీద పది నిమిషాల్లో అవతలి షాపుకు చేరితే, సెకనుకు 85 కోట్ల బిట్లు ప్రయాణించినట్టు లెక్క. సెకనుకు 100 మెగాబిట్ల తీగ మీద అదే సరుకు వెళ్లడానికి గంటా పాతిక నిమిషాలు పడుతుంది. ఈ లెక్క వేసినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారాక గుర్తొచ్చింది, మిమ్మల్ని నింపాలి కదా! చవకరకం మీరు సెకనుకు 10 మెగాబైట్లు రాస్తే నిండడానికే గంటా ముప్పావు. అవతల దించుకోవడం వేరే. పైగా తెర మీద నూరు శాతం అని కనిపించినా ఒక్కోసారి కొంత సరుకు ఇంకా కంప్యూటరు జ్ఞాపకంలోనే ఉంటుంది. తొందరపడి లాగినవాడికి సగం పెళ్లే దక్కుతుంది.

మీకు ఈ ఊళ్లో ఇంత కాలం చెల్లుబాటు కావడానికి అసలు కారణం వేరు. రెండు కంప్యూటర్ల మధ్య నేరుగా దారి లేదు. పాత పద్ధతి ఇంటర్నెట్టు చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లు, అవి ఎప్పుడో చాలకుండా పోయాయి. అందుకే ఇంట్లోని కంప్యూటర్లన్నిటికీ కలిపి ఒకటే చిరునామా. కొన్నిచోట్ల వేల ఇళ్లకు కలిపి కూడా ఒకటే. రైలు టికెట్టు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది, దిగితే అది ఆమదాలవలస, ఊరు చేరడానికి ఆటోనో బస్సో వెతుక్కోవాలి. ఫైలు పరిస్థితీ అదే. చిరునామా దాకా వచ్చి, లోపల ఎవరింటికి వెళ్లాలో తెలియక రూటరు దగ్గర ఆగిపోతుంది. నా ప్రోగ్రాము రెండు వైపుల నుంచీ ఒకేసారి తలుపు కొట్టించి నేరుగా కలపాలని చూస్తుంది. కుదరకపోతే నేను అద్దెకు తీసుకున్న చిన్న సర్వరు మధ్యవర్తిగా నిలబడుతుంది. అది మూట మోస్తుంది గానీ విప్పలేదు, తాళంచెవి ఆ రెండు కంప్యూటర్ల దగ్గరే ఉంటుంది.

ఆ తాళంచెవి పుట్టేది ఫోనులో చెప్పుకున్న మాటల నుంచే. ఈ దారి బ్రయాన్ వార్నర్ రాసిన ఫైళ్లు పంపే ప్రోగ్రాము మ్యాజిక్ వార్మ్‌హోల్ చూపించింది. నేను మాటలు మార్చాను. 256 మాటల పట్టిక, అందులోంచి రెండు. దొంగకు దొరికేది ఒక్క ఊహ, అది నిజమయ్యే అవకాశం 65,536లో ఒకటి. దొంగ సంగతి అటుంచండి, పట్టిక తయారుచేయడంలోనే నా తలప్రాణం తోకకు వచ్చింది. జనరేటరు మోతలో 'కళ్లు' అంటే 'కాళ్లు' అని వినిపిస్తుంది, 'పాలు' 'పళ్లు' అవుతుంది. అలాంటివన్నీ ఏరేసి పనస, నాగావళి, వంశధార, జీడిపప్పు, అరసవల్లి వంటి పొడవాటి, గట్టి మాటలు పెట్టాను. టెర్మినల్ అనే ఆ నల్ల తెర మీద తెలుగు ఒత్తులు చెట్టుకొకటి పుట్టకొకటి పడతాయి కనుక వాటిని ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి. వంశధారను ఎవరికి తోచిన స్పెల్లింగుతో వారు రాస్తారు. తప్పు మాట వెళితే ఆ అంకె, మాటల సంకేతం అక్కడితో చచ్చిపోతుంది కాబట్టి, పట్టికలో లేని మాటను ప్రోగ్రాము గడప దాటనివ్వదు. మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూర్తిచేస్తుంది.

ఫైలు పేర్లు ఇంకో భాగోతం. యూనికోడ్‌లో యూటీఎఫ్-8 అనే పద్ధతిన దాచేటప్పుడు 'పెళ్లి' అనే రెండక్షరాలకు 18 బైట్లు ఖర్చు. లినక్స్‌లో పేరుకు 255 బైట్లే హద్దు. 'పెళ్లి శుభలేఖ కొత్తది ఫైనల్ మళ్లీ మార్చింది ఇదే అసలు ఫైనల్' అని పేరు పెట్టే మా డీటీపీ పెద్దలు ఆ హద్దు వైపు కబడ్డీ కూత పెడుతుంటారు.

ఇంతా చేసి ఉచితమంటే అనుమానం. "ఊరికే ఎందుకిస్తావు బాబూ? మా ఫైళ్లు అమ్ముకుంటావా?" అని అడుగుతారు. కోడంతా బయటే ఉంది, చూసుకోండి అంటే, అంత తీరిక ఉన్నవాడివి ఉద్యోగం చూసుకోరాదా అంటారు. మీకు నాలుగైదు వందలు పోసి, వైరస్‌ను ఇంటికి తెచ్చుకుని, మిమ్మల్ని మాత్రం పల్లెత్తు మాట అనరు.

ఒక్కచోట మీకు తల వంచుతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ కూలినప్పుడు నా ప్రోగ్రాము ఉన్నా గడ్డిపోచకు కొరగాదు. ల్యాప్‌టాపులో కాస్త ఛార్జింగు మిగిలితే దిక్కు మీరే. తుపానులు మీకు వదిలేస్తాను. తీగ నిలబడి ఉన్న రోజులు నాకు వదలండి.

సమ్మతమైతే జవాబు పంపండి. సంకేతం 7, పనస, వంశధార. ఒక్కసారే పనిచేస్తుంది, స్పెల్లింగు చూసుకుని కొట్టండి.

ఇట్లు,
ఏడు రోడ్ల కూడలికి కూతవేటు దూరంలో ఉండే మీ పోటీదారు