నడవమంటారు సరే, ఎక్కడ నడవాలి?

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, మంచిదే, కానీ మా అమ్మ రోజంతా నిలబడి పని చేసి ఇంటికొచ్చి వంట ముగించేసరికి చీకటి పడిపోతుంది, పార్కు గేటుకి తాళం, వీధిలో లైట్లుండవు, ఫుట్‌పాత్ నిండా బైకులు, ఇంకెక్కడ నడుస్తుంది చెప్పండి? నిన్న చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్లి, బయటకి ఓసారి చూసి, మళ్లీ విప్పేసింది. ప్రాణం ఉసూరుమంది.

2022లో ప్రపంచం మొత్తమ్మీద చాలినంత శారీరక శ్రమ లేని ఆడవాళ్లు 34 శాతం, మగవాళ్లు 29 శాతం. ఇది బద్ధకం కాదండీ! టైము, చోటు, భద్రత ఉన్నోళ్లకే దక్కుతోంది ఆరోగ్యం. నడవమనే పోస్టర్లు తర్వాత, ముందు ఆ లైట్లు వేయించండి, గేటు రాత్రి దాకా తెరిచుంచండి.