ఫొటో కోసం కెమెరా కొనేవాళ్ళతో జాగ్రత్త

కాంపాక్ట్ కెమెరా కొనే ముందు "ఇందులో ఫొటో ఎలా వస్తుంది" అని అడిగే దురలవాటు ఒకటి ఈమధ్య మద్రాసు తెలుగువాళ్ళలో బాగా ముదిరింది. ఇక్కడే ఆపకపోతే రేపు ఇంజనీరింగ్ కాలేజీకి పోయి, ఏసీ హాస్టల్ ఉందా లేదా అన్నది వదిలేసి, ఇక్కడ పాఠాలు చెప్తారా అని కూడా అడుగుతారు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాయాల్సొస్తోంది.

నేను చెప్పేది చాలా సింపుల్ అండి. అట్టపెట్టె మీద అంకె ఉన్నదే నిజం. 20 మెగాపిక్సెల్స్ అని ఉంటుంది, 30ఎక్స్ జూమ్ అని ఉంటుంది, 4కె వీడియో అని ఉంటుంది. ఇమేజ్ క్వాలిటీ ఇంత అని ఏ పెట్టె మీదైనా చూశారా? అంకె లేనిదాన్ని వియ్యంకుడికి ఎలా చెప్పుకుంటారు మీరు. "మా కెమెరాలో నీడల దగ్గర టోన్ భలే సాఫీగా వస్తుందండీ బావగారూ" అంటే ఆయన ఒంట్లో బాలేదా అని అడుగుతాడు. అదే "ఇరవై మెగాపిక్సెలండీ" అంటే కాఫీ గ్లాసు కింద పెట్టి "మాది పదహారే" అంటాడు, మొహం చిన్నబోయి. కెమెరా పని అక్కడితో అయిపోయింది, ఇంకా బటన్ కూడా నొక్కలేదు మనం.

ఈ మెగాపిక్సెళ్ళ వెనక ఎంత కష్టం ఉందో తెలియనివాళ్ళే వాటిని ఎగతాళి చేస్తారు. 1975లో కొడాక్‌లో స్టీవెన్ సాసన్ అనే ఇంజనీరు మొదటి డిజిటల్ కెమెరా తయారుచేస్తే అందులో ఉన్నది 0.01 మెగాపిక్సెల్, అంటే పదివేల చుక్కలు, ఒక్క ఫొటో క్యాసెట్ టేపులోకి ఎక్కడానికి 23 సెకన్లు. ఇవాళ మామూలు కాంపాక్ట్‌లో వెలుతురుని పట్టి ఫొటోగా మార్చే సెన్సర్ చిటికెనవేలి గోరు కంటే చిన్నది ఉంటుంది, 6.17 మి.మీ. వెడల్పు, 4.55 మి.మీ. ఎత్తు, దాని మీద రెండు కోట్ల పిక్సెళ్ళని కూర్చోబెట్టారు. అంత చిన్న పిక్సెల్ మీద పడే వెలుతురెంతండీ, వెలుతురు తగ్గితే ఇసక చల్లినట్టు గ్రెయిన్ వస్తుంది, ఆ గ్రెయిన్ కనపడకుండా లోపల సాఫ్ట్‌వేర్ ఇస్త్రీ చేస్తే అమ్మమ్మ మొహం మీద ముడతలూ ముక్కుపుడకా రెండూ కలిపి మాయమైపోతాయి అని కొందరు గొణుగుతుంటారు. ముడతలు పోయాయని అమ్మమ్మే సంతోషపడుతుంటే మధ్యలో వీళ్ళ బాధేంటో. పైగా లెక్కలు చెప్తారు, 4x6 ప్రింటుకి రెండు మెగాపిక్సెళ్ళు చాలంట, ఫుల్ హెచ్‌డీ టీవీకీ రెండేనంట, 4కె టీవీకైనా ఎనిమిది దాటి అక్కర్లేదంట. మరి మిగతావి ఎందుకు అంటే, మర్యాదకి.

సెన్సర్ సైజు సంగతికొద్దాం, ఎందుకంటే వీళ్ళు ఊరికే ఊగిపోయేది దాని గురించే. మామూలు కెమెరా పెట్టె మీద 1/2.3 అంగుళాలు అని వేస్తారు, కొనేవాడు భిన్నం కింద మళ్ళీ దశాంశం చూసి భయపడి ఊరుకుంటాడు, మంచి పద్ధతి. కాస్త ఖరీదైన వాటిలో "1 అంగుళం సెన్సర్" అంటారు. స్కేలు పెట్టి కొలవండి, 13.2 మి.మీ. బై 8.8 మి.మీ., ఈ మూల నుంచి ఆ మూలకి కొలిచినా 16 మి.మీ. దాటదు. అంగుళమంటే 25.4 కదా, మిగతాది ఎవడు తిన్నాడు అని అడుగుతారు. ఎవడూ తినలేదండి. పాతకాలం టీవీ కెమెరాల్లో విడికాన్ అని గాజు గొట్టాలుండేవి, ఆ గొట్టం బయటి వ్యాసాన్ని బట్టి సైజు పిలిచేవాళ్ళు, గొట్టం ఎప్పుడో పోయింది, పిలుపు మిగిలింది. పెరుంగుడిలోనో పళ్ళికరణైలోనో ఫ్లాట్ కొన్న మనకిదేమన్నా కొత్తా? సూపర్ బిల్టప్ 1200 చదరపు అడుగులని చెప్పి లిఫ్టూ మెట్లూ వాచ్‌మన్ కుర్చీ వేసుకునే చోటూ కలిపి అమ్మితే సంతకం పెట్టి వచ్చాం, లోపల మంచం వేస్తే బీరువా తలుపు తెరుచుకోదు. సెన్సర్‌కి కార్పెట్ ఏరియా చెప్పమనేవాళ్ళు ముందు బిల్డర్ని అడిగి రండి, తర్వాత మాట్లాడదాం.

జూమ్. 30ఎక్స్ అంటే ముప్ఫై రెట్లు దగ్గరికొస్తుందని మనమంతా నమ్ముతాం, నమ్మాలి కూడా. నిజానికది ఉత్త భాగహారం, లెన్సు ఎంత దగ్గరికి లాగుతుందో చెప్పే మి.మీ. అంకె ఉంటుంది, ఫోకల్ లెంగ్త్ అంటారు, చివరిదాన్ని మొదటిదాంతో భాగిస్తే వచ్చేది, 24 నుంచి 720 దాకా ఉంటే ముప్ఫై. అందుకే 24 నుంచి 72 ఉన్నా 3ఎక్సే, 100 నుంచి 300 ఉన్నా 3ఎక్సే. నికాన్ వాళ్ళు 2018లో కూల్‌పిక్స్ పీ1000 అని దించారు, 24 నుంచి 3000 మి.మీ., 125ఎక్స్, బరువు ఒక కిలో నాలుగొందల గ్రాములు. జేబులో పట్టదు, కానీ ఎదురు బ్లాకులో ఎవరింట్లో ఏం కూరో తెలుస్తుంది.

చలికాలంలో ఫ్లెమింగోలొచ్చాయని మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో లోకల్ ట్రైనెక్కి సూళ్ళూరుపేట పోయి, శ్రీహరికోట రోడ్డు మీద నిలబడి పులికాట్ సరస్సు వైపు పూర్తిగా జూమ్ చేసేవాళ్ళని చూసే ఉంటారు. 720 దగ్గర చెయ్యి వణుకు కనపడకూడదంటే పాత లెక్క ప్రకారం షట్టర్ స్పీడు సెకనులో 720వ వంతు ఉండాలి, స్టెబిలైజర్ ఉంటే చేతి వణుక్కి పనికొస్తుంది గానీ ఎగిరే పక్షిని అది ఆపలేదు, అక్కడికొచ్చేసరికి చిన్న కెమెరా అపర్చర్, అంటే లెన్సులో వెలుతురొచ్చే కంత, ఎఫ్ 6 దాటిపోయి ఉంటుంది (ఈ అంకె పెరిగేకొద్దీ కంత చిన్నదవుతుంది), వెలుతురు చాలక, ఉన్నదాన్నే పెంచి చూపించే ఐఎస్ఓ అంకె పైకెక్కుతుంది, మళ్ళీ ఇస్త్రీ మొదలవుతుంది. ఇవన్నీ సరిపోయినా నీళ్ళ మీద ఎండకి గాలి అల్లాడుతుంటుంది, దానికి ఏ లెన్సూ మందు కాదు. చివరికి ఫొటోలో గులాబీ రంగు మచ్చొకటి పడుతుంది. అయితే ఏంటండీ? ఇంటికొచ్చి "ఇది ఎంత దూరంనుంచి తీశానో తెలుసా" అంటాం, అందరూ ఆ దూరానికి ముక్కున వేలేసుకుంటారు, మచ్చకి కాళ్ళున్నాయా ముక్కుందా అని ఎవరూ అడగరు. ఇక డిజిటల్ జూమ్ అంటే ఫొటో మధ్య ముక్క కత్తిరించి సాగదీయడమే, ఆ పని ఇంటికొచ్చి మీరూ చెయ్యొచ్చు, కాకపోతే మీరు చేసినదాన్ని పెట్టె మీద ప్రింటు వెయ్యరు.

మోడ్ల గురించి కూడా తక్కువ చేసి మాట్లాడుతున్నారు. మద్రాసులో మంచు మోడ్ ఎందుకని నవ్వుతారు. కత్తిరి ఎండల్లో ఆ బొమ్మ చూస్తేనే ఒళ్ళు చల్లబడుతుంది, అదొకటి. రెండోది, తెల్లగా ఉన్నదాన్ని కెమెరా మీటరు ఎప్పుడూ బూడిద రంగు చేసేస్తుంది, మంచు మోడ్ ఎక్స్‌పోజర్ కాస్త పెంచి తెలుపుని తెలుపులా ఉంచుతుంది, కాబట్టి పార్టీ మీటింగులో తెల్ల పంచెల గుంపుని తియ్యాలంటే అంతకన్నా మంచి మోడ్ లేదు. ఇదే పనిని ఆ క్వాలిటీ వర్గం వాళ్ళు ప్లస్ ఒకటి అని ఏదో తిప్పి చేసుకుంటారు, పాపం దాని మీద మంచు బొమ్మ ఉండదు. సోనీ వాళ్ళు 2007లో స్మైల్ షట్టర్ పెట్టారు, మొహం నవ్వితేనే క్లిక్‌మంటుంది. మన పెళ్ళిళ్ళ గ్రూప్ ఫొటోలో మధ్యలో కూర్చున్న పెదతాతగారు నవ్వేదాకా అది ఎదురుచూస్తుంది, ఫొటో రాకపోయినా కెమెరాకి పెద్దవాళ్ళంటే గౌరవం ఉందని తెలుస్తుంది.

అవతలి పక్షం వాళ్ళకి బలమంతా డిసెంబరులో మొదలయ్యే మార్గళి సంగీత కచేరీల దగ్గరుంది. మైలాపూర్ సభలో చీకట్లో కూర్చుని త్యాగయ్య కృతి పాడుతున్నావిడని తియ్యాలంటే చిన్న కెమెరా ఫ్లాష్ నాలుగడుగులేసి పడిపోతుంది, ముందు వరసలో బట్టతల మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది, పక్క సీటు మామి చూసే చూపు వేరే. అదే ఒక అంగుళం సెన్సర్ అయితే విస్తీర్ణం నాలుగు రెట్లు, పైగా లెన్సు ఎఫ్ 3.5 బదులు 1.8 ఉంటే ఇంకో నాలుగు రెట్లకి దగ్గర, మొత్తం కలిపి పదిహేను రెట్ల వెలుతురు అని వేళ్ళ మీద లెక్క చెప్తారు. సరే ఒప్పుకుందాం. కానీ 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100 పట్టుకుని ఇంత మాట్లాడతారు గదా, జూమ్ చివరిదాకా పోతే ఆ 1.8 కాస్తా 4.9 అయిపోతుందన్న సంగతి మాత్రం గొంతు తగ్గించి చెప్తారు. కంపెనీకి కూడా తర్వాత బుద్ధొచ్చింది, 2018 ఆరో మోడల్‌కి జూమ్‌ని 200 దాకా లాగి, మొదట్లో ఉండే ఆ 1.8ని 2.8 చేసి కంత చిన్నది చేసింది. పెట్టె మీద పెద్ద అంకె గెలిచింది, చీకట్లో పాడే ఆవిడ ఓడిపోయింది. అసలు సభకెళ్ళింది పాట వినడానికా ఫొటోకా?

ఇంకా ఘోరం చెప్తాను వినండి. రీకో జీఆర్ 3 అని 2019లో వచ్చింది, ఏపీఎస్‌సీ సెన్సర్, అంటే మన గోరు సెన్సర్ కంటే పదమూడు రెట్ల చోటు, చొక్కా జేబులో పడుతుంది, కానీ జూమ్ లేదు. ఫ్లాష్ కూడా లేదు. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 ఆరో మోడల్ 2024లో వచ్చింది, 40 మెగాపిక్సెళ్ళు, అంతవరకు సంతోషం, దానిక్కూడా జూమ్ లేదు, లక్షన్నర దాటిన వస్తువుకి, అయినా జనం డబ్బులు కట్టి నెలల తరబడి ఎదురుచూశారు. దగ్గరగా కావాలంటే ఏం చేస్తారండీ అని అడిగితే "నడిచి వెళ్తాం" అంటారు. నడిచి! టీ నగర్ రంగనాథన్ స్ట్రీట్‌లో దీపావళి ముందు రోజు ఎవడు నడవనిస్తాడు, జనం ఎటు తోస్తే అటు పోవాలి, ఫొటో కూడా అటే వస్తుంది.

ఎలక్ట్రానిక్స్ అమ్మే రిచీ స్ట్రీట్‌లో షాపులవాళ్ళకి ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. కొందరు సొంత ఎస్‌డీ కార్డు జేబులో వేసుకుని వస్తున్నారు. "అణ్ణా ఒక్కసారి చూపించండి" అని మంచిగా అడుగుతారు, కార్డు లోపలికి తోస్తారు, షాపు వెనకాల చీకటి మూల అట్టపెట్టెల గుట్టని ఐఎస్ఓ 1600లో ఒకటి, 3200లో ఒకటి తీస్తారు, అదే చోట జూమ్ మొత్తం తెరిచి ఒకటి, మూసి ఒకటి, ఎదురు గోడ మీద పోస్టర్ని నాలుగు మూలలూ వచ్చేట్టు ఇంకొకటి. రేపొస్తామని చెప్పి ఇంటికి పోయి కంప్యూటర్లో పెద్దవి చేసి, మూలల్లో అక్షరాలు చదవడానికొస్తున్నాయా, చీకట్లో అట్ట మీద గీతలు మిగిలాయా మైనంలా కరిగాయా అని చూస్తారు. కెమెరా స్క్రీన్ మీద ఏదైనా అందంగానే కనిపిస్తుంది కదా, ఆ నమ్మకం మీదే వ్యాపారం నడుస్తుంటే ఇలా చెయ్యడం ఏం న్యాయం? ఇలాంటివాళ్ళని గుర్తుపట్టడం తేలిక, పెట్టె అసలు చదవరు.

క్వాలిటీ క్వాలిటీ అని తెచ్చుకున్నాక కూడా మన ఊరి తేమకి లెన్సు లోపల ఫంగస్ పడుతుంది, కాంపాక్ట్ లెన్సు విప్పి తుడవడం ఇంట్లో అయ్యే పని కాదు. సిలికా జెల్ ప్యాకెట్లు వేసి గాలి చొరని డబ్బాలో పెడితే పడదంటారు గానీ, ఊరికే వచ్చే సాఫ్ట్ ఫోకస్‌ని ఎందుకు కాదనుకోవడం.

ఇన్ని చెప్పాక ఈ కాలేజీ పిల్లలు ఇంకో మెలిక పెట్టారు. వాళ్ళకి క్వాలిటీ అక్కర్లేదంట, 2008 నాటి పాత కెమెరా కావాలంట, సీసీడీ అనే పాతరకం సెన్సర్ ఉన్నది. సీసీడీని 1969లో బెల్ ల్యాబ్స్‌లో బాయిల్, స్మిత్ కనిపెడితే 2009లో నోబెల్ ఇచ్చారు, అప్పటికి కంపెనీలు దాన్ని వదిలి సీమాస్ అనే ఇంకో రకం సెన్సర్ వైపు సర్దుకుంటున్నాయి. ఇప్పుడు దాంట్లో వచ్చే రంగుల కోసం, ఫ్లాష్‌కి మొహాలు తెల్లబడిన ఫొటోల కోసం పిల్లలు వెతుక్కుంటున్నారు. మా మేనకోడలు వచ్చి "మావయ్యా, బీరువాలో మీ పాతది ఉండాలి కదా, ఇవ్వవా" అంది. స్క్రీన్ మీద గీతలున్నాయే అన్నాను, పర్లేదంది. ఏడు మెగాపిక్సెళ్ళేనే అన్నాను, ఇంకా మంచిదంది. చీకట్లో అంతా గ్రెయినే అంటే అదే కావాలంది. నా సిద్ధాంతం మొత్తం కూలిపోయేలా ఉందని భయపడుతూ ఫ్లాష్ మాత్రం పనిచెయ్యదమ్మా అని చెప్పాను. పిల్ల మొహం మాడిపోయింది. "ఫ్లాష్ లేకపోతే ఇంకెందుకు మావయ్యా అది" అని కెమెరా నా చేతిలో పెట్టేసి పోయింది.

ఫ్లాషంటే ఫీచరే కదండీ.