లేత దూడకు బీసీజీ వేయాలా? ఇద్దరు డాక్టర్ల వాదన

ఒకరు ఏళ్ల తరబడి పశువులకు టీబీ పరీక్షలు చేసిన పెద్దాయన. ఇంకొకరు ఆయన దగ్గర చదువుకున్న డాక్టరమ్మ. నేను ఆమె పక్షమే. అయినా ఆయన అడిగినవి దాటవేయదగ్గ ప్రశ్నలు కావు.

పెద్దాయన: బీసీజీ అంటే బలహీనపరిచిన టీబీ క్రిమితో చేసిన టీకా. దూడకు అది వేశావంటే దాని టీ కణాలు, అంటే రోగాన్ని ఎదిరించే తెల్ల రక్తకణాలు, ఆ క్రిమి ప్రోటీన్లను గుర్తుపెట్టుకుంటాయి. రేపు నేను టీబీ పరీక్షకు ట్యూబర్‌క్యులిన్ (టీబీ క్రిమి ప్రోటీన్ల) సూది వేస్తే మూడో రోజుకు చర్మం ఉబ్బుతుంది. ఆ ఉబ్బు టీకాదా, జబ్బుదా? చేతిలో ఉన్న పరీక్షను పాడుచేస్తున్నావమ్మా. ఆస్ట్రేలియా 1997లో పశువుల టీబీ నుంచి బయటపడింది. టీకాతో కాదు, పరీక్ష చేసి పాజిటివ్ పశువుల్ని కోతకు పంపి, మందలోంచి తీసేసి.

డాక్టరమ్మ: అక్కడ తీసేయగలిగారు సార్. తీసేయలేని చోట పరీక్ష ఏం చేస్తుంది? జబ్బు పశువు పేరు రాసుకుంటుంది, అంతే. ఇక ఉబ్బు సంగతి. బీసీజీ పుట్టిందే ఆవుల టీబీ క్రిమి నుంచి. ఫ్రెంచి శాస్త్రవేత్తలు కాల్మెట్, గెరాన్ 1908 నుంచి 1921 వరకు దాన్ని 230 సార్లు మార్చి మార్చి పెంచారు. ఆ క్రమంలో దాని జన్యువుల్లో ఒక ముక్క ఊడిపోయింది. ఈసాట్-6, సీఎఫ్‌పీ-10 ప్రోటీన్లను చేసే జన్యువులు ఆ ముక్కలోనే ఉండేవి. కాబట్టి టీకా వేసిన దూడ వాటిని చూడదు, జబ్బు సోకిన దూడ చూస్తుంది. ఆ ప్రోటీన్లతో పరీక్ష చేస్తే ఏది ఏదో తేలుతుంది.

పెద్దాయన: ల్యాబులో తేలుతుంది. ప్రతి కొట్టానికీ ఆ పరీక్ష వెళ్లిందా? సరే, అది అలా ఉంచు. జున్నుపాలు తాగే దూడకు టీకాను అందుకునే శక్తి ఎక్కడిది?

డాక్టరమ్మ: ఇక్కడే దూడను మనం తక్కువ అంచనా వేశాం. జున్నుపాలు ఇచ్చేది యాంటీబాడీలు. టీబీ క్రిమి దాక్కునేది మ్యాక్రోఫేజ్ అనే, క్రిముల్ని మింగే కణం లోపల. ఆ కణాన్ని తట్టిలేపేది టీ కణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రోటీన్. అది లేత దూడకూ వస్తుంది. పైగా దాని రక్తంలో గామా డెల్టా అనే రకం టీ కణాలు పెద్ద పశువుల కంటే ఎక్కువ. న్యూజిలాండ్‌లో పుట్టిన 8 గంటల్లోపే టీకా వేసిన దూడలకు రక్షణ దొరికిందని 2003లో చూపించారు. ఆలస్యం చేస్తే మట్టిలో, నీళ్లలో ఉండే టీబీ జాతి క్రిములు ముందే తగులుతాయి. అప్పుడు టీకా అంత పట్టకపోవచ్చు.

పెద్దాయన: అదే ప్రయోగంలో బూస్టర్ (రెండో డోసు) సంగతి కూడా చెప్పు.

డాక్టరమ్మ: ఆరు వారాలకు మళ్లీ వేస్తే రక్షణ తగ్గింది. కానీ సార్, బూస్టర్ ఎప్పుడూ మంచిదేనని క్లాసులో చెప్పింది మీరే.

పెద్దాయన: ధనుర్వాతం టీకాకు చెప్పాను. బతికున్న బీసీజీకి కాదు.

డాక్టరమ్మ: నా నోట్సులో ఆ తేడా లేదు.

పెద్దాయన: నోట్సు రాసింది నువ్వు. అసలు సంగతికి రా. టీకా వేశాక ఇంటర్‌ఫెరాన్ గామా ఎంత పెరిగితే అంత రక్షణ అని చెప్పగలవా? రక్తం చూసి ఫలానా దూడకు భయం లేదని హామీ ఇవ్వగలవా?

డాక్టరమ్మ: ఇవ్వలేను. ఒక్కో దూడకు ఆ మాట చెప్పే గుర్తు మన దగ్గర లేదు. కానీ మందకు చెప్పగలను. ఇథియోపియాలో టీకా వేసిన దూడల్ని జబ్బు పశువులతో కలిపి ఉంచారు. వాటిలో కొన్నింటికి టీబీ సోకింది, నిజమే. కానీ అవి మిగతా వాటికి అంటించడం కూడా బాగా తగ్గింది. సోకడం, అంటించడం రెండూ కలిపితే టీకా ప్రభావం 89 శాతమని 2024లో ప్రకటించారు. నాకు కావాల్సింది అదే సార్, గొలుసు తెగడం.

పెద్దాయన: ఆ రక్షణ ఏడాది బాగుంటుంది. రెండేళ్లకు కరిగిపోతుంది. ఆవు పాలిచ్చే వయసు మొదలయ్యేది అప్పుడే.

డాక్టరమ్మ: అలా తగ్గాక, రెండేళ్లకు మళ్లీ వేస్తే రక్షణ తిరిగొచ్చిందని 2014లో చూపారు. ఆరు వారాలకు చెడు చేసిన రెండో డోసే రెండేళ్లకు మేలు చేసింది.

పెద్దాయన: అంటే ఏ దూడకు ఎప్పుడు వేశామో ఏళ్ల తరబడి లెక్క ఉండాలి. చెవి ట్యాగు లేని మందలో ఎవరికి గుర్తుంటుంది?

డాక్టరమ్మ: ట్యాగు వేశాకే టీకా వేద్దాం.

పెద్దాయన: ట్యాగు, నువ్వు చెప్పిన ఈసాట్ పరీక్ష. రెండూ రానీ. అప్పటిదాకా దూడలకు ఈ టీకా వేయమని నేను సంతకం పెట్టను.