గ్యారేజ్ రాక్ మీద మోపుతున్న నాలుగు నిందలు

కుర్ర బృందాలు గరుకు ధ్వనితో, అరుపులతో వాయించే రాక్ సంగీతమైన గ్యారేజ్ రాక్ ప్రస్తావన ఎక్కడ వచ్చినా ఒకే తీర్పు మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. 1960లలో వాయించడం రాని అమెరికన్ కుర్రాళ్లు కొందరు చేసిన మోతే ఈ సంగీతమనీ, దాని ధ్వనిలోని గరుకుదనం చవక పరికరాల వల్ల వచ్చిందే తప్ప కోరి తెచ్చుకున్నది కాదనీ, వాళ్లంతా కలిగినింటి తెల్ల పిల్లలనీ, ఇవాళ దాన్ని వినేవాళ్లు పాతకాలం మీది మమకారంతోనే వింటున్నారనీ ఆ తీర్పు సారాంశం. వీటిలో ఏదీ పరిశీలనకు నిలవదు. మొదటి నింద ఎందరో వాద్యకారుల శ్రమను తుడిచిపెడుతోంది కనుక దాని గురించే కాస్త ఎక్కువగా చెప్పాలి.

వాయించడం రాదన్న మాటకు సాక్ష్యంగా అందరూ చూపేది ‘లూయీ లూయీ’ పాటనే. రిచర్డ్ బెర్రీ రాసి 1957లో విడుదల చేసిన ఆ పాటను 1963 ఏప్రిల్‌లో ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో కింగ్స్‌మెన్ బృందం రికార్డు చేసింది. మైకు పైకప్పుకు దగ్గరగా వేలాడుతుండడంతో గాయకుడు జాక్ ఈలీ మెడ పైకెత్తి అరవాల్సి వచ్చింది. మాటలు ఎంత అస్పష్టంగా పలికాయంటే, అందులో బూతులున్నాయన్న ఫిర్యాదుల మీద అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ నెలల తరబడి విచారణ జరిపి, ఏ వేగంతో వినిపించినా ఏమీ అర్థం కావడం లేదని తేల్చింది. గిటార్ సోలో ముగిశాక ఈలీ రావలసిన చోటు కంటే ముందే గొంతెత్తి, తప్పు తెలిసి ఠక్కున ఆగిపోతాడు. ఆ ఖాళీని డ్రమ్మర్ ఒక విసురుతో నింపేస్తాడు, అసలు చోటు రాగానే ఈలీ మళ్లీ అందుకుంటాడు. కచేరీలో గాయకుడు ఎడుపు (పాట అందుకోవలసిన చోటు) తప్పినప్పుడు మృదంగ విద్వాంసుడు సర్దుకొచ్చే పద్ధతి తెలిసినవారు ఇక్కడ తప్పును మాత్రమే వినరు, దాన్ని క్షణంలో కాచుకున్న జట్టును కూడా వింటారు. రాత్రుల తరబడి కలిసి వాయించిన జట్టుకే అది సాధ్యమవుతుంది.

సరిగ్గా అదే నెలలో, అదే ఊళ్లో, పాల్ రెవీర్ అండ్ ద రైడర్స్ అనే చేయి తిరిగిన బృందం ఇదే పాటను ఎక్కువ నేర్పుతో రికార్డు చేసింది. అయినా దేశవ్యాప్తంగా పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో 2వ స్థానానికి ఎక్కింది కింగ్స్‌మెన్ పాటే. నేర్పు ఒక్కటే కొలమానమైతే ఈ ఫలితం రాకూడదు. అప్పట్లో వేల సంఖ్యలో వచ్చిన సింగిల్స్‌లో (విడి పాటల చిన్న రికార్డుల్లో) నీరసమైనవి చాలానే ఉన్నాయని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఏ సంగీతాన్నైనా దానిలోని నాసిరకాన్ని చూపి కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఇక గరుకుదనం కోరి తెచ్చుకున్నది కాదన్న వాదన. వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాకు చెందిన సోనిక్స్ బృందం 1966లో వచ్చిన తమ రెండో ఆల్బమ్ కోసం స్టూడియోకు వెళ్లినప్పుడు, శబ్దం మరీ అణగిపోతోందని గోడలకున్న శబ్ద నిరోధక పొరలను పీకేసింది. పేదరికం వల్ల ఎవరూ గోడలు పీకరు. తమకు ఎలాంటి మోగుడు కావాలో తెలిసినవాళ్లే ఆ పని చేస్తారు. అట్లాంటిక్‌కు అవతల 1964లో బ్రిటిష్ బృందం కింక్స్ గిటారిస్టు డేవ్ డేవిస్ తన చిన్న ఆంప్లిఫయర్ స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో చీల్చి ఆ చిరుగు శబ్దాన్ని సృష్టించాడు. 2003లో వచ్చిన ‘ఎలిఫెంట్’ ఆల్బమ్‌ను డెట్రాయిట్‌కు చెందిన వైట్ స్ట్రైప్స్, అప్పటికే పేరు తెచ్చుకుని కూడా, కంప్యూటర్లు లేని లండన్ స్టూడియోలో ఎనిమిది ట్రాకుల టేపు మీదే చేశారు.

ఆ శబ్దానికి ఆకర్షణ ఎందుకుందో కూడా చెప్పవచ్చు. ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి తోసినప్పుడు ధ్వని తరంగాల కొనలు తెగిపోయి, మీటిన స్వరంతో పాటు దాని పై స్థాయి అనుస్వరాలు కూడా పుట్టుకొస్తాయి. అందువల్ల రెండు తీగల మీద మీటిన కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) కూడా నిండుగా వినిపిస్తుంది, స్వరం త్వరగా ఆరిపోదు. పైగా బృందమంతా ఒకే గదిలో ఒకేసారి వాయిస్తే డ్రమ్ముల శబ్దం గాయకుడి మైకులోకీ గిటార్ మైకులోకీ చొరబడుతుంది. ఇంజనీర్లు సాధారణంగా దోషమనుకునే ఆ కలగలుపు వల్లనే మనం రికార్డును వినడం లేదనీ, ఆ గదిలో నిలబడి ఉన్నామనీ అనిపిస్తుంది. నాకు ఈ సంగీతంలో అన్నింటికంటే ఇష్టమైనది అదే.

కలిగినింటి పిల్లలన్న మాట, చవక పరికరాలన్న మాట అసలు ఒకదానితో ఒకటి పొసగవు. 1966లో ‘96 టియర్స్’ పాటతో అమెరికాలో 1వ స్థానానికి చేరిన క్వశ్చన్ మార్క్ అండ్ ద మిస్టీరియన్స్ బృందం సభ్యులు, పొలం పనుల కోసం మిషిగన్‌కు వలస వచ్చిన మెక్సికన్ అమెరికన్ కుటుంబాల పిల్లలు.

పాతకాలం మీది మమకారమన్న చివరి వాదన కాలగణన దగ్గరే తప్పుతుంది. ఈ పాటలను వెతికి, 27 ఎంచి, ‘నగ్గెట్స్’ పేరిట గిటారిస్టు, సంగీత రచయిత లెన్నీ కే జంట ఎల్పీగా (రెండు పెద్ద రికార్డులుగా) కూర్చింది 1972లోనే; వాటిలో చాలావాటికి అప్పటికి ఏడేళ్లు కూడా నిండలేదు. ఆ సంకలనాన్ని విని గిటార్ పట్టుకున్న పంక్ రాక్ తరం వారిలో అనేకులు ఆ పాటలు తొలిసారి వచ్చేనాటికి చిన్నపిల్లలు. మన దేశం సంగతీ అంతే: సిమ్లా సిగరెట్ల పేరిట జరిగిన రాక్ పోటీలో వాయించిన బృందాల పాటలు 1970, 1971లలో రెండు ఎల్పీలుగా వచ్చాయి. షిల్లాంగ్‌కు చెందిన ఫెంటోన్స్ వంటి బృందాల ఆ రికార్డులను దశాబ్దాల తర్వాత విదేశాల్లో మళ్లీ విడుదల చేశారు. షిల్లాంగ్‌ను ఎన్నడూ చూడని శ్రోతకు ఆ ఊరి మీద జ్ఞాపకాలు ఉండే అవకాశం లేదు. సోనిక్స్ సభ్యులు 2007లో మళ్లీ వేదిక ఎక్కి, 2015లో కొత్త ఆల్బమ్ చేసినప్పుడు వాళ్లకు డెబ్బై ఏళ్లు దగ్గరపడ్డాయి, గొంతు మాత్రం అదే అరుపుతో మొదలైంది.